అమీర్‌పేట్ నుంచి అమెరికా: ఫ్లైట్ దిగాకే అసలు ప్రయాణం

ఈ ఎపిసోడ్ అమీర్‌పేట్ మెట్రో స్టేషన్ కింద నుంచి మొదలుపెడుతున్నాను. వెనక హారన్లు, టీ కొట్టు గోల, ఎవరో కరపత్రాలు పంచుతూ "జావా ఫుల్ స్టాక్, డెమో ఫ్రీ" అనడం, అన్నీ వినిపిస్తాయి. కొంచెం అడ్జస్ట్ అవ్వండి. కావాలనే ఇక్కడికి వచ్చాను, ఎందుకో చెప్తాను.

పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, నేను ఇక్కడే అమీర్‌పేట్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. ఎంఎస్‌కి అడ్మిషన్ వచ్చింది, వీసా కూడా వచ్చింది. హైదరాబాద్ నుంచి టెక్సాస్‌కి అన్నిటికంటే చీప్ ఫ్లైట్ ఏది? నాన్న పొలం అమ్మి డబ్బులు పంపారు, ఒక్క రూపాయి కూడా వేస్ట్ చేయకూడదు." అంతే మెసేజ్. సూర్యాపేట దగ్గర ఊరు అమ్మాయిది. పేరు చెప్పను, తను వద్దంది.

రిప్లై టైప్ చేస్తూ మధ్యలో ఆగిపోయాను. సరిగ్గా ఇదే ప్రశ్న 2022లో నేనూ అడిగాను. అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నాను, కంపెనీ ఏడాది ఆన్‌సైట్ పంపింది, డల్లాస్ పక్కన ఇర్వింగ్ అనే ఊరు. టికెట్ కోసం పది రోజులు రీసెర్చ్ చేశాను. ఈ సైట్, ఆ సైట్, ఇన్‌కాగ్నిటో మోడ్, మంగళవారం బుక్ చేస్తే తక్కువంట, అన్నీ. అంతా చేసి మిగిల్చింది నాలుగు వేల రూపాయలు. దిగాక ఆ ఊళ్ళో ఎలా తిరగాలో ఒక్క గంట కూడా చూడలేదు. ఆ గంట చూడకపోవడం వల్ల పోయింది లక్షల్లో. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే. ఫ్లైట్ గురించీ చెప్తాను, కానీ ఫ్లైట్ ఒక్క రోజే. ఆ తర్వాత రెండేళ్ళు తిరగాలి కదా.

ఇక్కడి నుంచే ఎందుకు మొదలుపెట్టానంటే, ఒకసారి చుట్టూ చూడండి. హాస్టల్ నుంచి మైత్రీవనం నడిచి ఐదు నిమిషాలు. కింద టిఫిన్ సెంటర్, పక్కన జిరాక్స్ షాపు, ఎదురుగా మెడికల్ షాపు. తల మీద మెట్రో. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే బ్లూ లైన్, రెండూ కలిసేది ఈ స్టేషన్‌లోనే. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైనప్పుడు నేను బీటెక్‌లో ఉన్నాను, ఊరి నుంచి వచ్చి ఊరికే ఎక్కి దిగాం ఫ్రెండ్స్ అందరం. ఆదివారం రాత్రి పదిన్నరకి బయటికొచ్చి చెయ్యి ఊపినా ఆటో ఆగుతుంది. రేటు ఎక్కువ చెప్తాడు, మనం తక్కువకి అడుగుతాం, అది వేరే సంగతి. కానీ ఆగుతుంది. ఇలాంటి చోట ఉన్నవాళ్ళకి "ఎలా వెళ్ళాలి" అనే ప్రశ్నే రాదు. అందుకే అమెరికా వెళ్ళేముందు కూడా మనకి ఆ డౌట్ రాదు.

సరే, వరసగా వెళ్దాం. ముందు ఇంటి నుంచి శంషాబాద్.

2008 మార్చి దాకా ఎయిర్‌పోర్టు ఇక్కడే బేగంపేటలో ఉండేది, అమీర్‌పేట్ వాళ్ళకి పక్క వీధి లెక్క. ఇప్పుడు శంషాబాద్, ఇక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మెట్రో ఇంకా అక్కడిదాకా లేదు. పుష్పక్ ఏసీ బస్సు ఉంది, క్యాబ్ ఉంది, సొంత కారు ఉంటే పంజాగుట్ట, మాసాబ్‌ట్యాంక్, మెహదీపట్నం మీదుగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దగ్గర దిగుతారు. ఒక్కరే వెళ్తుంటే పుష్పక్ బాగుంటుంది, లగేజీకి చోటుంటుంది. ఏ రూట్ బస్సు మీకు దగ్గరో, రాత్రిపూట ఎంతసేపటికి ఒకటి ఉందో ముందు రోజే చూసుకోండి. మన ఫ్లైట్లు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే కదా.

ఇంకోటి. అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది, కాబట్టి మనవాళ్ళు చాలామంది జులై, ఆగస్టుల్లో ఎక్కుతారు. అది బోనాల టైమ్. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజు ఈ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. అమ్మవారికి దండం పెట్టుకోండి, కానీ ఆ రోజే ప్రయాణమైతే రెండు గంటలు ముందు బయల్దేరండి. అలాగే ఊరి నుంచి రెండు కార్లలో చుట్టాలు వస్తారు, ఫొటోలు, ఏడుపులు ఉంటాయి. టెర్మినల్ లోపలికి టికెట్ ఉన్నవాళ్ళనే పంపిస్తారు. అందుకని ఆ ఏడుపులకి కూడా ఒక అరగంట ప్లాన్‌లో పెట్టుకోండి. నవ్వకండి, మా అమ్మ నన్ను నలభై నిమిషాలు వదల్లేదు.

ఇప్పుడు టికెట్. హైదరాబాద్ నుంచి అమెరికా అంటే ఎక్కడో ఒక చోట మారాలి అనే లెక్కతోనే చూడండి. దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ కూడా. లేదంటే ఢిల్లీ, ముంబై వెళ్ళి అక్కడి నుంచి. రేటు చూసే ముందు నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉందా, రెండు వేర్వేరు టికెట్లా? కొన్ని సైట్లు చీప్‌గా చూపించడానికి రెండు టికెట్లు అతికించి చూపిస్తాయి. "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే మధ్యలో బ్యాగులు మీరే తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. మొదటి ఫ్లైట్ లేటై రెండోది మిస్సయితే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు, డబ్బులు మీవే పోతాయి. ఒకే టికెట్ అయితే తర్వాతి ఫ్లైట్‌లో కూర్చోబెట్టే బాధ్యత వాళ్ళది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఐదు వేలు తక్కువని సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ జోలికి వెళ్ళొద్దు.

రెండు, అమెరికాలో మొదట దిగే ఎయిర్‌పోర్టు ఏది? మీరు దుబాయ్ నుంచి న్యూయార్క్, అక్కడి నుంచి డల్లాస్ అని తీసుకున్నారనుకోండి, ఇమ్మిగ్రేషన్ న్యూయార్క్‌లోనే. మామూలుగా అక్కడే బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ ఇచ్చి, మళ్ళీ సెక్యూరిటీ లైన్‌లో నిలబడి ఇంకో ఫ్లైట్ ఎక్కాలి. గంటన్నర గ్యాప్ ఉన్న టికెట్ చూసి "వావ్, వెయిటింగ్ లేదు" అనుకోకండి. కనీసం మూడు గంటలు ఉండాలి. అబుదాబి మీదుగా వెళ్తే కథ వేరు. అక్కడ 2014 నుంచి అమెరికా వాళ్ళ ఇమ్మిగ్రేషన్ ఎయిర్‌పోర్టులోనే ఉంది. అక్కడే అన్నీ అయిపోతాయి, అమెరికాలో దిగేటప్పుడు మామూలు లోకల్ ప్రయాణికుల్లా దిగి వెళ్ళిపోవచ్చు. ఏ దారైనా సరే ఐ-20, పాస్‌పోర్టు, ఫీజు కట్టిన కాగితాలు చేతి బ్యాగులో ఉండాలి. చెకిన్ బ్యాగులో పెట్టి ఆవకాయ జాడీ కింద దాచారంటే మీ ఇష్టం.

మూడు, ట్రాన్సిట్ వీసా. కొన్ని దేశాల్లో ఫ్లైట్ మారడానికి కూడా మన పాస్‌పోర్టుకి రూల్స్ ఉంటాయి. చెల్లే అమెరికా వీసా చేతిలో ఉంటే చాలాచోట్ల సమస్య రాదు. సమస్యంతా తిరిగి వచ్చేటప్పుడు, వీసా స్టాంప్ డేట్ అయిపోయి ఉంటే. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి బుక్ చేసే రోజే ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకోండి.

నాలుగు, తేదీ. ఎఫ్-1 వీసా మీద కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు కంటే ముందుగా లోపలికి వెళ్ళనివ్వరు. అలాగని చివరి రోజు కూడా వెళ్ళకండి. పది రోజులు ముందుంటే రూమ్, బస్సు, సిమ్ అన్నీ స్థిమితంగా చూసుకోవచ్చు.

ఇప్పుడు మెట్రో ఎక్కుతున్నాను, ఒక్క స్టేషన్, పంజాగుట్ట. మా ఎడిటింగ్ రూమ్ అక్కడే. లోపల వీడియో తీయను, దిగాక కంటిన్యూ చేద్దాం.

సరే, పంజాగుట్ట వచ్చేశాం. చూశారా, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు అమెరికాలో దిగారు. ఇరవై రెండు గంటలు నిద్ర లేదు, రెండు పెద్ద బ్యాగులు, ఒక్కోటి 23 కిలోలు. ఇక్కడి నుంచి రూమ్‌కి ఎలా?

చాలా యూనివర్సిటీల్లో ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్ళు ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్తారు, ముందే ఫామ్ నింపాలి. అది మొదటి ఆప్షన్. రెండోది ట్రైన్. అవును, కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ట్రైన్ లోపలికే వస్తుంది. షికాగో ఓహేర్‌లో బ్లూ లైన్ ఉంది, 24 గంటలూ నడుస్తుంది. డల్లాస్ ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్ ఏ దగ్గర డార్ట్ ఆరెంజ్ లైన్ ఉంది, 2014 నుంచి. అది ఇర్వింగ్ మీదుగానే వెళ్తుంది. ఆ విషయం నాకు తెలిసింది ఎప్పుడో చెప్పనా? దిగిన ఐదు వారాలకి! ఆ రోజు నేను క్యాబ్‌కి ఇచ్చింది టిప్పుతో కలిపి 50 డాలర్ల పైనే. మూడోది ఊబర్, లిఫ్ట్. మన దగ్గరలా బయటికి రాగానే కారు ఎదురుగా ఉండదు. "రైడ్‌షేర్ పికప్" అని బోర్డు ఉన్న చోటికే వెళ్ళాలి. ఫోన్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ గానీ ఈ-సిమ్ గానీ ముందే పెట్టుకోండి, ఎయిర్‌పోర్టు వైఫై పార్కింగ్ దాకా రాదు. కారు ఎక్కేముందు నంబర్ ప్లేట్ చూడండి, "నా పేరేంటి?" అని డ్రైవర్‌నే అడగండి. మీ పేరు మీరు చెప్పొద్దు. లైవ్ లొకేషన్ ఇంట్లో వాళ్ళకి పెట్టండి. అమ్మాయిలకి మాత్రమే కాదు, అబ్బాయిలకి కూడా చెప్తున్నా. లోపల ఎవరైనా దగ్గరికొచ్చి "క్యాబ్ కావాలా" అంటే వద్దనండి.

ఇంకో విషయం. న్యూజెర్సీలో ఎడిసన్‌కో, జెర్సీ సిటీకో వెళ్ళేవాళ్ళు టికెట్ కొంచెం తక్కువని జేఎఫ్‌కేకి తీసుకుంటారు. నూవర్క్ ఎయిర్‌పోర్టు న్యూజెర్సీలోనే ఉంది, అక్కడి నుంచి ఎయిర్‌ట్రైన్ ఎక్కి న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు పట్టుకోవచ్చు. జేఎఫ్‌కే నుంచి అయితే న్యూయార్క్ సిటీ మొత్తం దాటి రావాలి, రెండు బ్యాగులతో. టికెట్‌లో మిగిలింది అక్కడ పోతుంది.

ఇప్పుడు అసలు భాగం. ఆ ఊళ్ళో తిరగడం.

నా కథ చెప్తాను. ఇర్వింగ్‌లో రూమ్ ఫొటోలు చూసి బుక్ చేశాను. స్విమ్మింగ్ పూల్ ఉంది, రెంట్ తక్కువ. మ్యాప్‌లో ఆఫీసుకి నాలుగు మైళ్ళు. నాలుగు మైళ్ళంటే ఆరున్నర కిలోమీటర్లు, పంజాగుట్ట నుంచి కోఠి అంత, ఏముందిలే అనుకున్నాను. మొదటి సోమవారం తెలిసింది, బస్సు స్టాప్ ముప్పావు మైలు దూరం, బస్సు గంటకొకటి. స్టాప్ దాకా నడవడానికి సగం దారిలో ఫుట్‌పాత్ లేదు. పక్కన కార్లు అరవై మైళ్ళ స్పీడ్‌లో పోతున్నాయి. జులై నెల, టెక్సాస్ ఎండ, నలభై డిగ్రీలు. రోడ్డు మీద నడిచే మనిషిని నేనొక్కదాన్నే. ఒక బస్సు మిస్సయితే గంట. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి చెమటతో తడిసిపోయి ఉన్నాను, మేనేజర్ "ఆర్ యూ ఓకే?" అన్నాడు. ఓకే అన్నాను. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఇంట్లో చెప్పలేదు. అమెరికాలో నడుచుకుంటూ వెళ్తున్నాను అంటే అమ్మ నమ్మదు కూడా.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, "అమెరికా" అని ఒకే ఊరు లేదు. న్యూయార్క్, జెర్సీ సిటీ, షికాగో, బోస్టన్ లాంటి చోట్ల కారు లేకుండా హాయిగా బతకొచ్చు. అక్కడ కారు ఉంటేనే తలనొప్పి, పార్కింగ్ దొరకదు. టెక్సాస్‌లో చాలా ఊళ్ళు అలా కాదు. మనవాళ్ళు చాలామంది చదివే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ ఆర్లింగ్టన్ సంగతే చూడండి. ఆర్లింగ్టన్ జనాభా నాలుగు లక్షలకి దగ్గరగా ఉంటుంది. అంత ఊరికి మనకి తెలిసినట్టు రూట్ నంబర్లతో తిరిగే సిటీ బస్సులు లేవు. వాటి బదులు వయా అని ఒక సర్వీస్ ఉంది, 2017లో మొదలైంది, యాప్‌లో బుక్ చేస్తే వ్యాన్ వస్తుంది, దారిలో వేరేవాళ్ళనీ ఎక్కించుకుంటుంది. అది పనికొస్తుంది, కానీ ఎప్పుడు వస్తుందో ముందే తెలియాలి, ఏ వేళల్లో నడుస్తుందో చూసుకోవాలి. అదే డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ అయితే ఏ-ట్రైన్ అని లోకల్ రైలు ఉంది, అది ట్రినిటీ మిల్స్ అనే స్టేషన్‌లో డార్ట్‌కి కలుపుతుంది, అక్కడి నుంచి డల్లాస్ వెళ్ళొచ్చు. మిస్సోరీలో వారెన్స్‌బర్గ్ ఉంది, యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ, మనవాళ్ళు చాలామంది. చిన్న ఊరు. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి గంట పైనే కారు ప్రయాణం. ఆమ్‌ట్రాక్ రైలు ఆ ఊళ్ళో ఆగుతుంది, కానీ రోజుకి ఒకటి రెండు మాత్రమే. ఫ్లైట్ దిగే టైమ్‌కి అది ఉంటుందా లేదా చూసుకోకపోతే రాత్రంతా ఎయిర్‌పోర్టులోనే.

ఈ కాలేజీలు మంచివా చెడ్డవా అని చెప్పట్లేదు. ఏ ఊరికి ఎలా తయారవ్వాలో చెప్తున్నాను.

ఎలా చెక్ చేయాలి? ఫోన్ తీయండి. గూగుల్ మ్యాప్స్‌లో రూమ్ అడ్రస్ నుంచి యూనివర్సిటీకి డైరెక్షన్స్ పెట్టండి. కారు గుర్తు కాదు, బస్సు గుర్తు నొక్కండి. ఇప్పుడు టైమ్ మార్చండి. సోమవారం పొద్దున తొమ్మిదికి కాదు, ఆదివారం రాత్రి పదికి పెట్టండి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. ఆదివారం రాత్రి బస్సు చూపిస్తే ఆ ఇంట్లో కారు లేకుండా బతకొచ్చు. "నో రూట్స్" అని వస్తే, ఆ రెంట్‌కి ఇంకో మూడు వందల డాలర్లు కలిపి చూసుకోండి. తర్వాత స్ట్రీట్ వ్యూ పెట్టి ఇంటి నుంచి బస్ స్టాప్ దాకా వేలితో నడవండి. ఫుట్‌పాత్ ఉందా, వీధి లైటు ఉందా, కూరగాయల షాపు ఎంత దూరం. ఇరవై నిమిషాల పని. నేను చేయని పని.

ఇందాక చెప్పిన అమ్మాయిని ఆ తర్వాత రెండు రోజులకి కలిశాను, ఇక్కడే పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్‌లో. తన దగ్గర రెండు రూములు ఉన్నాయి. ఒకటి షేరింగ్‌లో నెలకి 380 డాలర్లు, క్యాంపస్‌కి ఏడు మైళ్ళు. ఇంకోటి 520, యూనివర్సిటీ షటిల్ ఇంటి ముందు ఆగుతుంది. "380 తీసుకుంటాను అక్కా, నెలకి 140 మిగులుతాయి" అంది. టిష్యూ పేపర్ మీద లెక్క రాశాం. వారానికి మూడు రోజులు క్లాసు. క్యాబ్ ఒక వైపు 15 డాలర్లు అనుకున్నాం. మూడు రోజులు, రానూ పోనూ 90. నెలకి 360. రెంట్‌తో కలిపి 740. అదే షటిల్ రూమ్ 520. నెలకి 220 తేడా, ఏడాదికి 2,640 డాలర్లు. మన రూపాయల్లో రెండు లక్షల పైనే. ఆ అమ్మాయి టిష్యూ చూస్తూ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నాన్నకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదక్కా. ఫీజు, రెంట్, తిండి, అంతే చెప్పారు."

ఇందులో ఇంకో కోణం ఉంది. ఎఫ్-1 మీద చదువుతూ క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. లైబ్రరీలోనో, క్యాంటీన్‌లోనో షిఫ్ట్ రాత్రి పదకొండుకి అయిపోతే ఇంటికి ఎలా? రూమ్ ఏడు మైళ్ళ దూరంలో ఉంటే ఆ షిఫ్ట్ మీరు తీసుకోలేరు, లేదా సంపాదించింది క్యాబ్‌కి ఇస్తారు. ఎక్కడ ఉంటామో దాన్ని బట్టే ఏ పని చేయగలమో ఉంటుంది.

సరే, కారు తప్పదు అనుకుందాం. చాలామందికి ఏదో ఒక రోజు తప్పదు. అప్పుడు ఏం చేయాలి?

ఇక్కడ ఉండగానే డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోండి, నిజంగా నడపడం నేర్చుకునే తీసుకోండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏ వాళ్ళే ఇస్తారు, పాస్‌పోర్టు, వీసా, మన లైసెన్స్ చూపించి. దాని గడువు ఏడాది. అది మన లైసెన్స్‌కి తోడు కాగితం మాత్రమే, విడిగా చూపిస్తే చెల్లదు. అక్కడ ఎన్నాళ్ళు దాంతో నడపొచ్చు, ఎప్పటిలోగా వాళ్ళ లైసెన్స్ తీసుకోవాలి అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వెళ్ళగానే ఆ రాష్ట్రం హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేసి చదవండి, ఫ్రీగానే ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన రెండో తప్పు. ఆ ఎండ దెబ్బకి మూడు నెలల్లో ఆన్‌లైన్‌లో ఒక పాత కారు కొనేశాను, 4,500 డాలర్లు. అమ్మినతను చాలా మర్యాదగా మాట్లాడాడు, కారు తళతళా మెరిసిపోతోంది. అక్కడ కారుకి టైటిల్ అని ఒక కాగితం ఉంటుంది, మన ఆర్సీ లాంటిది. దాని మీద "రీబిల్ట్ సాల్వేజ్" అని ఉంది. అది నేను చదవలేదు. అంటే ఆ కారు ఒకసారి పెద్ద యాక్సిడెంట్‌లోనో, వరదలోనో పాడైతే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇక పనికిరాదని రాసేశారు, తర్వాత ఎవరో బాగుచేసి అమ్మారు. నేను అడిగిన చోట ఎక్కడా దానికి ఫుల్ కవరేజ్ ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు 1,900కి అమ్మాను. 2,600 డాలర్లు పోయాయి. మధ్యలో రిపేర్లు వేరే. అంటే రెండు లక్షలు. ఫ్లైట్‌లో మిగిల్చిన నాలుగు వేలు గుర్తున్నాయి కదా?

కాబట్టి కొనేముందు కారు మీద ఉండే 17 అక్షరాల వీఐఎన్ నంబర్‌తో హిస్టరీ రిపోర్ట్ తీయండి. టైటిల్ మీద ప్రతి మాటా చదవండి. అమ్మేవాడు చెప్పిన మెకానిక్ కాకుండా మీరు వెతికిన మెకానిక్‌కి చూపించండి. ఇన్సూరెన్స్ కొటేషన్ కారు కొనకముందే తీసుకోండి. టెక్సాస్‌లో కనీస ఇన్సూరెన్స్‌ని 30-60-25 అంటారు. ఎదుటి మనిషి ఒక్కరికి దెబ్బలు తగిలితే 30 వేల డాలర్ల వరకు, ఒక యాక్సిడెంట్‌లో అందరికీ కలిపి 60 వేలు, వాళ్ళ ఆస్తి నష్టానికి 25 వేలు. ఇదంతా ఎదుటివాళ్ళకి. మీ కారు కోసం ఇందులో ఒక్క డాలర్ కూడా రాదు. ఇన్సూరెన్స్ లేకుండా "ఒక్క రౌండ్ వెళ్ళొస్తా" అని ఫ్రెండ్ కారు తీయకండి.

నడిపేటప్పుడు మన అలవాట్లు కొన్ని ఇక్కడే వదిలేయాలి. రోడ్డుకి కుడి వైపు నడపాలి. స్టాప్ బోర్డు దగ్గర ఎవరూ లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగిస్తే ఆగిపోవాలి, పక్క నుంచి దూరిపోకూడదు. వెనక పోలీసు లైట్లు వెలిగితే కారు కుడి పక్కకి ఆపి లోపలే కూర్చోవాలి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టాలి. ఇక్కడ పంజాగుట్ట సర్కిల్‌లో అయితే దిగి "సార్ సార్" అంటూ దగ్గరికి వెళ్తాం. అక్కడ అలా దిగి నడిచి వెళ్ళడం ప్రమాదం. డాక్యుమెంట్ కోసం జేబులోకో డాష్‌బోర్డులోకో చెయ్యి పెట్టేముందు ఆఫీసర్‌కి చెప్పి తీయండి. తాగి నడపడం గురించి ఒక్క మాటే చెప్తాను. డీయూఐ అరెస్ట్ అయితే ఫైన్‌తో పోదు, వీసానే రద్దు కావచ్చు. నాన్న అమ్మిన పొలం ఆ ఒక్క రాత్రితో పోతుంది.

చివరిగా, ఊరి నుంచి ఊరికి. డల్లాస్ నుంచి హ్యూస్టన్ దాదాపు 385 కిలోమీటర్లు. ఇక్కడైతే విజయవాడకి ఇంతకంటే దగ్గర, రైళ్ళు, గరుడ బస్సులు ఎన్నో. అక్కడ అంత పెద్ద రెండు నగరాల మధ్య నేరుగా ఆమ్‌ట్రాక్ రైలు లేదు. గ్రేహౌండ్, ఫ్లిక్స్‌బస్ లాంటి బస్సులు ఉన్నాయి, ఫ్లైట్ ఉంది, లేదా కారు. అందుకే మనవాళ్ళు కార్‌పూలింగ్ చేస్తారు, పెట్రోలు డబ్బులు పంచుకుంటారు.

2024 ఆగస్టు చివర్లో టెక్సాస్‌లో అన్నా అనే ఊరి దగ్గర యూఎస్-75 హైవే మీద జరిగిన ప్రమాదం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కార్‌పూలింగ్ యాప్‌లో కలిసి అర్కన్సాలోని బెంటన్‌విల్ వైపు వెళ్తున్న నలుగురు మన దేశం వాళ్ళు. వెనక నుంచి ట్రక్కు ఢీకొట్టింది, కారుకి మంటలు అంటుకున్నాయి, నలుగురూ చనిపోయారు. వాళ్ళలో మన హైదరాబాద్ వాళ్ళున్నారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఇది చెప్పింది భయపెట్టడానికి కాదు. ఎవరితో వెళ్తున్నారో, ఏ కారో, ఏ రూటో ఒక మెసేజ్ ఎవరికో ఒకరికి పెట్టి ఎక్కండి అని చెప్పడానికి. వెనక సీట్లో కూడా బెల్ట్ పెట్టుకోండి. డ్రైవర్‌కి నిద్ర వస్తుంటే మొహమాటపడకుండా ఆపమనండి. ఏదైనా అయితే 911, ముందు మీరున్న చోటు చెప్పండి. హైవే నంబర్, దాటిన ఎగ్జిట్ నంబర్ చూస్తూ ఉండటం అలవాటు చేసుకోండి.

ఇంతే అండీ. వెళ్ళేముందు మూడు పనులు చేయండి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండేలా, మొదట దిగే చోట మూడు గంటల గ్యాప్ ఉండేలా చూసుకోండి. రూమ్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఆదివారం రాత్రి పది గంటల మ్యాప్ చూడండి. కారు కొనడానికి ఒక సెమిస్టర్ ఆగండి, కొనేటప్పుడు టైటిల్ చదవండి.

ఆ అమ్మాయి 520 డాలర్ల రూమ్ తీసుకుంది. పోయిన ఆదివారం రాత్రి మెసేజ్ పెట్టింది, అక్కడ టైమ్ రాత్రి పది. షటిల్ లోపల కూర్చుని తీసిన ఫొటో, కిటికీ బయట చీకటి, ఒళ్ళో కూరగాయల సంచి. కింద ఒక్క లైన్ రాసింది, "అక్కా, నో రూట్స్ అని రాలేదు." నాకు ఆ ఫొటో చాలు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ సీజన్‌లో వెళ్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి, వీలైతే వాళ్ళ నాన్నకి కూడా. మీరు ఇప్పటికే అక్కడ ఉంటే మీ ఊళ్ళో కారు లేకుండా ఎలా తిరుగుతున్నారో కామెంట్‌లో ఊరి పేరుతో సహా రాయండి, వెళ్ళేవాళ్ళకి అదే పెద్ద సాయం. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా వెళ్ళి రండి. ఉంటాను, నమస్తే.